ఇంటర్వెల్ తర్వాత వచ్చిన పడవ

మా కుట్టు దుకాణంలో సినిమా చూడటం ఒక వంతు. నీళ్లు పట్టే వంతు, నేల ఊడ్చే వంతు ఉన్నట్టే సినిమాకి వెళ్లే వంతూ ఉండేది. బడిపిల్లల చొక్కాలు, ఆసుపత్రి కోట్లు వందలకొద్దీ కుట్టాలి. మాస్టారితో కలిపి ఉన్నదే నలుగురం. ముగ్గురం ఒకేసారి లేచి హాలుకి పోతే ఆయన కత్తెర మింగేస్తారు. అందుకని కొత్త సినిమా పడితే ఒకరు వెళ్లి చూసి రావాలి. సోమవారం పొద్దున్న మిగతా ముగ్గురికీ చెప్పాలి. చెప్పేవాడి చేతులూ ఆగకూడదు, వినేవాళ్ల చేతులూ ఆగకూడదు. అదొక్కటే నియమం.

మాస్టారు చెప్తే హీరో చొక్కా తప్ప ఇంకేం ఉండేది కాదు. "భుజం అరంగుళం జారింది. ఆ భుజంతో వాడికి ప్రేమేంటి!" అనేవారు. దుకాణం ఆయనది, కత్తిరింపు ఆయనది, కోపం కూడా ఆయనదే. ఇస్త్రీ బావ చెప్తే రెండు ముక్కల్లో తేలిపోయేది. "వాడు వీణ్ణి కొట్టాడు. బాగుంది." ఈ బావ మాలో ఎవరికీ బావ కాడు, అయినా అందరికీ బావే. ఇక గుండీలకి కాజాలు కుట్టే అమ్మాయి ఉంది, కాజాలక్క అంటారు. ఆవిడ మొదలుపెడితే ఏడుపు ముందొచ్చి కథ వెనకబడేది. చివరికి ముగ్గురూ ఏకమై వాళ్ల వంతులన్నీ నాకు ఒప్పజెప్పేశారు. కాలర్లు కుట్టే ముసలాణ్ణి, నాకేం పోయింది? ఒప్పేసుకున్నాను. అలా పద్నాలుగేళ్లుగా నేనే చెప్తున్నాను.

నాకు సినిమా అంటే చిన్నప్పటినుంచీ పిచ్చే. మా ఊళ్లో మైదానంలో తెల్లగుడ్డ కట్టి బొమ్మ ఆడించేవాళ్లు. ముందు చోటు దొరక్క నేనెప్పుడూ గుడ్డ వెనక కూర్చునేవాణ్ణి. వెనకనుంచి చూస్తే కుడి ఎడమవుతుంది కదా, పదేళ్లొచ్చేదాకా హీరోలందరూ ఎడంచేతివాళ్లే అనుకున్నాను. బళ్లో నేనూ ఎడంచేత్తో రాయడం మొదలుపెడితే పంతులు బెత్తం తీశాడు. "హీరోనవుదామనండీ" అన్నాను. రెండు చేతుల మీదా వాయించాడు, ఏ చేత్తోనూ అవకుండా. ఒకసారి తెరమీద వాన పడితే నా చొక్కా తడిసింది. నమ్మకపోతే మీ ఇష్టం, మా అమ్మ నమ్మింది, ఆరేసింది కూడా.

ఆ సోమవారం నేను చెప్పిన సినిమా పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే మీరూ వెళ్లి చూసి నా మీద పడతారు.

అందులో హీరో పడవవాడు. ఏటికి అటూ ఇటూ మనుషుల్ని దాటిస్తుంటాడు. హీరోయిన్‌కి ఒక అక్క ఉంది. ఇద్దరికీ మాటల్లేవు. అక్కది ఈ గట్టు, చెల్లెలిది ఆ గట్టు. ఇంటర్వెల్ దాకా ఇంతే, పాటలు తీసేస్తే.

"ఇంటర్వెల్ తర్వాత చూడాలి," అన్నాను, కాలరు నిలబడటానికి లోపల బక్రం గుడ్డ పెడుతూ. "ఏరు పొంగింది. కోపంగా కాదు, నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లిగా పొంగింది. నీళ్లు వీధుల్లోకి వచ్చాయి, గుమ్మాలెక్కాయి. జనం మేడలమీద కూర్చుని జుట్టు దువ్వుకుంటున్నారు, ఏం జరగనట్టు. దీపస్తంభాల చుట్టూ చేపలు తిరుగుతున్నాయి. వాటి కళ్లు మన కోటు గుండీల్లా నాలుగు చిల్లులతో ఉన్నాయి. పడవవాడు అక్కని ఎక్కించుకుని ఇళ్ల మధ్యలోంచి తోసుకుపోతున్నాడు. మంచు ఎలా ఉందంటే, చేత్తో కత్తిరించి జేబులో పెట్టుకోవచ్చు. పైఅంతస్తు కిటికీ దగ్గర పడవ ఆగింది. అక్క కిటికీ తట్టింది. చెల్లెలు తలుపు తీసింది. అప్పుడు అక్క ఒక్క మాట అంది చూడు! ఆ మాటకి చెల్లెలు పకపకా నవ్వేసి, రెండు చేతులూ పట్టుకుని కిటికీలోంచి లోపలికి లాగేసుకుంది. హాలంతా వెచ్చగా అయిపోయిందనుకో."

తర్వాత ఎప్పటిలాగే అభిప్రాయాలు మొదలయ్యాయి. మావాళ్లకి సినిమా చూడకపోవడం అభిప్రాయం చెప్పడానికి ఏనాడూ అడ్డం రాలేదు.

"నాకా పడవవాడు నచ్చలేదు పెద్దాయనా," అన్నాడు బావ, ఇస్త్రీ పెట్టె ఎత్తి. "గంజి పెట్టినట్టు బిర్రుగా లేడు మనిషి."

"నువ్వు చూశావట్రా వాణ్ణి?"

"మీరు చెప్పారుగా! మీ గొంతులోనే తెలిసిపోయింది."

"మంచులో అంతసేపు తిరిగితే అక్క కోటు చెమ్మగిల్లి కిందకి సాగుతుంది," అన్నారు మాస్టారు. "అది చూపించారా, లేదా?"

"చూపించారు మాస్టారూ. బెత్తెడు సాగింది."

"అయితే మంచి డైరెక్టరే."

నేను తలెత్తి చూద్దును కదా, కాజాలక్క చేతిలో సూది ఆగిపోయి ఉంది. పద్నాలుగేళ్లలో ఆ సూది ఆగడం అదే మొదటిసారి.

"అక్క ఏమంది బాబాయ్?"

"ఆఁ?"

"కిటికీ దగ్గర. ఒక్క మాట అందన్నావు. ఏం మాట?"

చెల్లెలి నవ్వు గుర్తుంది, పడవకి నీళ్లు తగిలే చప్పుడు గుర్తుంది, మాట మాత్రం జారిపోయింది. "ఆ టైముకే వెనకసీటువాడు దగ్గాడమ్మాయ్," అన్నాను.

ఆవిడ మళ్లీ సూది కదిపింది. కానీ ఆ పూట కుట్టిన కాజాల్లో రెండు వంకర పోయాయి. మాస్టారు చూసి కూడా తిట్టకుండా పక్కన పెట్టేశారు. ఎందుకో మా అందరికీ తెలుసు.

కాజాలక్కకి ఒక్కతే చెల్లెలు. ఇదే ఊళ్లో, బస్సు ఆఖరి స్టాపు దగ్గర ఉంటుంది. ఇద్దరికీ మాటల్లేక పదకొండేళ్లయింది. చెల్లెలి పెళ్లిబట్టలు ఈవిడే కుట్టింది. పెళ్లిరోజు అందరూ వరసగా నిలబడి ఫొటో దిగుతుంటే చెల్లెలు చెయ్యి పైకెత్తింది, చంక కింద కుట్టు చర్రున ఊడి నడుందాకా విచ్చుకుంది. జనం నవ్వారు. "కావాలనే చేసింది," అని చెల్లెలు అందరిముందూ అనేసింది. ఈవిడ ఆ క్షణాన బయటికి నడిచింది, అంతే. ఇప్పుడు చెల్లెలి మొగుడికి ఎక్కడికో బదిలీ అయింది. మూడు రోజుల రైలు ప్రయాణం. శుక్రవారం పొద్దున్న బయల్దేరుతున్నారని ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ కాజాలక్కకి నిద్ర లేదు. వెళ్లాలని ఉంది. వెళ్లి తలుపు తట్టాక మొదటి మాట ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఆవిడకి కావాల్సిందల్లా ఆ ఒక్క మాటే.

మర్నాడు మధ్యాహ్నం మాస్టార్ని అడిగి ఆవిడే సినిమాకి వెళ్లింది, ఆ మాట తన చెవులతో వినడానికి.

బుధవారం పొద్దున్న వచ్చి నేరుగా నా మిషను ముందు నిలబడింది.

"బాబాయ్, పడవ ఎక్కడ?"

"రేవులో."

"రేవులో కట్టేశాడు, ఇంటర్వెల్‌కి ముందే. మళ్లీ విప్పలేదు. తర్వాత ఏరే లేదు. కార్లున్నాయి. నలభైమందిని కొట్టాడు. అక్క ఒక్కసారి కనబడితే ఒట్టు."

"నువ్వు వేరే సినిమాకి వెళ్లుంటావు."

"హాల్లో సీట్లు చూపించే టార్చిలైటాయన్ని అడిగాను. 'మీ పెద్దాయనా? ఇంటర్వెల్ గంట కొట్టి దీపాలారగానే నిద్రపోతాడమ్మా, ఏళ్లతరబడి ఆట అయ్యాక నేనే లేపి పంపుతున్నాను' అన్నాడు."

దేవుడి మీద ఒట్టేసి చెప్తున్నాను, నాకా సంగతి అప్పటిదాకా తెలియదు. పడుకున్నవాడికి తాను పడుకున్నట్టు ఎవరు చెప్తారు? టార్చిలైటు నా మొహాన పడితే ఆట అయిపోయిందనుకుని లేచేవాణ్ణి. అబద్ధాలు బోలెడు చెప్పాను నా బతుకులో, అన్నీ తెలిసి చెప్పినవే. తెలియకుండా చెప్పడం ఇదే మొదలు. పైగా పద్నాలుగేళ్లు!

బావ ఇస్త్రీ పెట్టె నిలబెట్టేశాడు. "ఉండండుండండి. ఆ గుడ్డి గుర్రం సినిమా?"

"సముద్రం మీద నడుచుకుంటూ ఇంటికొచ్చింది కదరా."

"గుర్రం సముద్రం మీద నడవడమేంటి అని అప్పుడే అనుకున్నాను! మరి ఆ పొగ సినిమా? వాడు సిగరెట్టు కాలిస్తే పొగలోంచి వాళ్ల నాన్న వచ్చి చెంపమీద కొట్టేది?"

"అదీ ఇంటర్వెల్ తర్వాతేననుకుంటా."

"పెద్దాయనా, అది విని కదా నేను సిగరెట్లు మానేశాను! తొమ్మిదేళ్లయింది!"

"మళ్లీ మొదలుపెడతావా ఏంటి?"

"ఇప్పుడెలా మొదలుపెడతాను? మీ నిద్ర నా నోరు కట్టేసింది!"

మాస్టారు నవ్వు ఆపుకోలేక సుద్దముక్క విరిచేశారు. నవ్వనిది కాజాలక్క ఒక్కతే. వేలి తొడుగు తీసి నా మిషను మీద పెట్టింది.

"నాకా మాట కావాలి బాబాయ్. సినిమావాళ్లు రాశారో నీ నిద్ర రాసిందో నాకనవసరం. దానికి చెల్లెలు నవ్విందన్నావు. అలాంటి మాట ఒకటి ఉందంటే చాలు. ఎల్లుండి పొద్దున్నే వాళ్ల రైలు."

మాస్టారే తీర్పు చెప్పారు, ఆర్డరు రాసుకునేటప్పటి గొంతుతో. "రేపు మధ్యాహ్నం ఆటకి మీరు మళ్లీ వెళ్లండి. అదే సీటులో కూర్చోండి. అదే చోట నిద్రపోండి. ఈసారి చెవులు తెరుచుకుని నిద్రపోండి. కాజాలక్క పక్కనుంటుంది, లేవగానే అడిగేస్తుంది. కాలర్లు నేను చూసుకుంటాను."

గురువారం నన్ను పెళ్లికొడుకులా తయారుచేశారు. బావ తన డబ్బాలో భోజనం కూడా నాకే తినిపించాడు. మాస్టారు తన దగ్గరున్న మెత్తటి శాలువా భుజాన వేశారు. హాల్లో టార్చిలైటాయన ఎదురొచ్చి, "మీ సీటు ఎవరికీ ఇవ్వలేదండీ. కుర్చీ చేతిచెక్క మీద మీ గడ్డం గుంట అలాగే ఉంది," అన్నాడు. వెటకారమో మర్యాదో తెలియలేదు.

ఇంటర్వెల్ అయింది. దీపాలారాయి. కళ్లు మూసుకున్నాను. నిద్ర వస్తే కదా!

అంతమంది కలిసి పడుకోమంటే ఎవడికి పడుతుంది? ఒక కన్ను తెరిచాను. కాజాలక్క తెరవైపు చూడటం లేదు, నా మొహంలోకి చూస్తోంది, పొంగే పాలకి కాపలా ఉన్నట్టు. మళ్లీ మూసుకున్నాను. గొర్రెల్ని లెక్కపెట్టాను. కాలర్లని లెక్కపెట్టాను. తెరమీద కార్లు గాల్లోకి లేస్తున్నాయి, పడుతున్నాయి. పద్నాలుగేళ్లలో మొదటిసారి నేను ఒక సినిమా రెండో సగం చూశాను. చూడకుండా ఉన్నదే మేలనిపించింది.

కాసేపటికి నా భుజం బరువెక్కింది. కాజాలక్క తల. పాపం, ఎన్ని రోజుల నిద్రో! ఒక్కసారిగా వచ్చి పడింది. తెరమీది వెలుగు ఆవిడ మొహంమీద పాకుతోంది, నీలంగా, కాస్త ఎర్రగా, మళ్లీ నీలంగా. నీళ్లలోంచి పైకి చూస్తే ఎండ కనబడుతుంది చూడండి, అలా. పెదాలు కదిలాయి. కుడిచెయ్యి మెల్లిగా ముందుకీ వెనక్కీ కదిలింది. సూది కదలిక కాదది. ఇంకేదో.

నేను కదలకుండా కూర్చుని ఆలోచించాను. ఆవిడ లేవగానే అడుగుతుంది. ఒక మాట అల్లేసి ఇవ్వడం నాకెంతసేపు? మూడు మాటలు అల్లాను కూడా. మొదటిది వింటే రాయికైనా కన్నీళ్లొస్తాయి. రెండోది అంతకన్నా బాగుంది. మూడోది ఎంత బాగుందంటే నాకే కళ్లు చెమర్చాయి. కానీ ఆ గుమ్మంలో నిలబడేది నేను కాదు కదా. నా మాట పట్టుకుని వెళ్లి, ఆ చెల్లెలు నవ్వకపోతే? ఇంకో పదకొండేళ్లు నా లెక్కన పడతాయి. పెదాల దాకా వచ్చిన మాటల్ని మూడింటినీ మింగేశాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

శుభం పడింది. దీపాలు వెలిగాయి. ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

"నిద్రపోయావా బాబాయ్?"

"లేదమ్మాయ్. రెప్ప వాలలేదు. నా దగ్గర మాటేమీ లేదు."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కళ్లు నలుపుకుంటూ, "పడవ వచ్చింది," అంది.

"ఎవరికి?"

"నాకే. పడవవాడు లేడు. తెడ్డు నా చేతిలోనే ఉంది. తోసుకుంటూ పోయాను. మన దుకాణం మీదుగా వెళ్లాను. నీళ్లకింద మాస్టారు ఏదో కత్తిరిస్తున్నారు, తలెత్తి చూడలేదు. కిటికీ దాకా వెళ్లాను బాబాయ్. మాట గుర్తుచేసుకుందామని ఆగానా, పడవ వెనక్కి జారిపోతోంది. తోస్తూ ఉంటేనే ముందుకెళ్తోంది. ఆలోచిస్తే వెనక్కి."

"మరి?"

"మరేముంది? పద, బస్సుంటుంది."

చీకటి హాల్లోంచి బయటికొస్తే పగలు ఇంకా మిగిలే ఉంది. మేం లోపలున్నప్పుడు వాన పడి వెలిసినట్టుంది. రోడ్డంతా అద్దంలా మెరుస్తోంది, మేడలన్నీ అందులో తలకిందులుగా నిలబడి ఉన్నాయి. బస్సు ఆ మేడల మీదుగా మెల్లిగా పోతుంటే కిటికీల్లో మనుషులు బట్టలు తీసుకుంటూ, తల తుడుచుకుంటూ కనబడ్డారు. ఎక్కడిదాకా నిజమో ఎక్కణ్ణుంచి సినిమానో చెప్పమంటే నేను చెప్పలేను. దారంతా ఆవిడ ఏ మాటా సాధన చేస్తున్నట్టు లేదు.

ఆఖరి స్టాపులో దిగాం. రెండో అంతస్తు. మెట్లమీద పాతపేపర్లూ తాళ్లూ పడి ఉన్నాయి. కాజాలక్క తలుపు తట్టింది. నేను నాలుగు మెట్లు కిందే ఆగాను.

తలుపు తెరుచుకుంది. చెల్లెలు జుట్టు పైకి ముడేసి, మెడలో తాడు చుట్ట వేసుకుని చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. అక్క నోరు తెరిచింది. చెల్లెలు ఆగలేదు.

"నువ్వా? సరే, చూస్తావేం, లోపలికొచ్చి ఈ పెట్టె మీద కూర్చో. మూత పడి చావట్లేదు."

అక్క వెళ్లి కూర్చుంది. చాల్లేదు. చెల్లెలు తల బయటికి పెట్టి, "కిందున్నాయనా! మీరెవరైతే ఏం, మీరూ వచ్చి కూర్చోండి," అంది. నేనూ ఎక్కాను. నా బరువు ముప్పై కాలర్లంత, అయినా పరువుగా కూర్చున్నాను. చెల్లెలు మోకాలు మూతకి ఆనించి కొక్కెం లాగుతోంది.

"ఆ చంక కుట్టు..." అంది కాజాలక్క, గోడవైపు చూస్తూ.

"ఇప్పుడెందుకది? ఎడంపక్కకి జరుగు."

ఆవిడ జరిగింది. "బిగువైందని నాకు ముందురోజే తెలుసు. విప్పి కుట్టడానికి టైముంది. కుట్టలేదు. ఇంట్లో అందరూ నీ చుట్టూనే తిరుగుతున్నారు, తిన్నావా అని నన్నడిగినవాళ్లు లేరు. ఒళ్లుమండి అలాగే ఇచ్చేశాను. నువ్వన్నది నిజమే."

కొక్కెం లాగుతున్న చేతులు ఆగాయి. నేను ఊపిరి బిగబట్టాను, మూత కదలకూడదని.

"ఫొటోవాడు కదలొద్దన్నాడు," అంది చెల్లెలు నింపాదిగా. "దారం పటపటమనడం నాకు వినబడింది. చెయ్యి దించేస్తే ఆగిపోయేది. నేను ఇంకా పైకెత్తాను. అందరూ చూడాలి, నిన్ను తిట్టాలి అని."

"కావాలనే ఎత్తావా?"

"కావాలనే."

"దొంగమొహమా! పదకొండేళ్లు!"

"నువ్వేమన్నా తక్కువ తిన్నావా?"

ఎవరు ముందు మొదలుపెట్టారో నాకు తెలియలేదు. కింద పెట్టె ఊగడం మొదలైంది. చూస్తే అక్క కడుపు పట్టుకుని నవ్వుతోంది, చెల్లెలు నేలమీద కూలబడి నవ్వుతోంది, నవ్వుల మధ్యలో ఇద్దరూ ముక్కు చీదుతున్నారు. ఆ ఊపుకి సగం తగులుకున్న కొక్కెం ఠప్పున ఊడొచ్చింది. మళ్లీ మొదటికొచ్చాం.

రెండోసారి మూత పడ్డాక చెల్లెలు దుప్పట్ల కుప్ప లాగి, ఒక కొస అక్క చేతికిచ్చింది. "ఇంతకీ ఈయనెవరు?"

"మా కాలర్ల బాబాయ్. సినిమాకి వెళ్లి వస్తున్నాం."

"ఏది, ఆ పడవవాడిదా? మొన్న నేనూ చూశాను. ఇంటర్వెల్ దాకా ఏడిపించి చంపాడు గానీ తర్వాత ఎంత బాగుందో!"

"ఏం బాగుంది నీ మొహం. అక్కని అక్కడే వదిలేశాడు డైరెక్టరు."

"అక్క ఉంటే ఆ నలభైమందినీ కొట్టడానికి టైమెక్కడిది?"

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఇద్దరూ దగ్గరికొచ్చారు, కొసలు కలిపారు, మళ్లీ దూరం జరిగారు. పాటలు బాగున్నాయంది ఒకరు. రెండో పాట అనవసరమంది ఇంకొకరు. దగ్గరికి, దూరానికి, మళ్లీ దగ్గరికి. తెల్లటి దుప్పటి వాళ్ల మధ్య నిండుతూ మడతపడుతూ ఉంది. హీరో నడక దగ్గర తగువు ముదిరింది. ఇంకా అయిదు దుప్పట్లున్నాయి.